నీలం బోర్డు మీద లేనిది

ఇక్కడ లండన్‌లో తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, అది ఉగాది కానివ్వండి, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం కానివ్వండి, బ్రిటిష్ మ్యూజియం ప్రస్తావన రాగానే ఒక మాట తప్పకుండా పడుతుంది. "అమరావతి స్తూపం రాళ్ళు ఇక్కడికి వచ్చాయి కాబట్టి బతికిపోయాయి, అక్కడే ఉంటే ఈపాటికి సున్నం అయిపోయి ఉండేవి" అని. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునంటారు. ఎవరో ఒకరు "మనవాళ్ళకి కాపాడుకోవడం ఎక్కడ తెలుసు?" అని ముగింపు కూడా పలుకుతారు. ఈ మాట విని విని నాకు విసుగొచ్చింది. అది పచ్చి అబద్ధమైతే ఇంత విసుగు రాకపోను. అబద్ధానికి ఒక్క జవాబు చాలు. సగం నిజంతో పోట్లాడాలంటేనే నాలుగు పేజీలు కావాలి. నాది నగరి. అమరావతి కృష్ణా ఒడ్డుది, దాని సంగతి ఆ ఒడ్డు వాళ్ళకి వదిలేయొచ్చు. కానీ "మనకి కాపాడుకోవడం తెలీదు" అన్నదానికి గట్టి జవాబు మా వైపే, రేణిగుంటకి దగ్గర్లో గుడిమల్లంలో నిలబడి ఉంది. తమాషా ఏమిటంటే ఆ జవాబు మా జిల్లాల వాళ్ళలోనే చాలామందికి తెలీదు. నా అసలు ఫిర్యాదు అదే. రాయిని కాపాడుకోవడం మనకి బాగానే తెలుసు, రాయి గురించి చెప్పుకోవడమే మానేశాం.

ముందు గుడిమల్లం రాయిని దగ్గరగా చూద్దాం. పాపానాయుడుపేట దాటాక, స్వర్ణముఖి నది పక్క పల్లెలో పరశురామేశ్వరుడి గుడి. వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన గజపృష్ఠ ఆకారపు గర్భాలయం. దాని నేల బయటి మండపం కంటే కిందికి ఉంటుంది. లోపల సుమారు అయిదడుగుల ఎత్తున ముదురు గోధుమరంగు లింగం. మామూలుగా మనం చూసే నున్నటి గుండ్రాయి కాదు. పురుషాంగం ఆకృతి దాపరికం లేకుండా తెలుస్తుంది, పైభాగాన్ని వేరుచేస్తూ లోతుగా చెక్కిన గాడి ఉంటుంది. ఆ లింగానికి ముందువైపు, రాతిలోంచి బయటికి అడుగు వేస్తున్నట్టు, రెండే చేతులున్న శివుడు. కుడిచేత్తో ఒక పొట్టేలుని వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న నీళ్ళపాత్ర, ఎడమ భుజానికి ఆనించిన గొడ్డలి. చెవులకి బరువైన కుండలాలు, నడుముకి పట్టీ, మధ్యలో కుచ్చెళ్ళు జారిన పలుచని పంచె. ఒంటిమీద జంధ్యం లేదు. కాళ్ళ కింద మోకాళ్ళు మడిచి కూర్చున్న మరుగుజ్జు యక్షుడు ఒకడున్నాడు. శివుడు నిలబడింది వాడి భుజాల మీదే. పురాణాల శివుడికి మనం అలవాటుగా తగిలించే నాగుపాము, నెలవంక, నాలుగు చేతులు ఏవీ ఇక్కడ వెతికినా దొరకవు. చూడ్డానికి అడవిలోంచి వేటాడి వస్తున్న ఒక బలమైన పడుచువాడిలా ఉంటాడు. మన శివుడు అంతకుముందు ఎలా ఉండేవాడో చెప్పే సాక్ష్యం ఇది.

దీన్ని పండితలోకానికి పరిచయం చేసినవాడు టి.ఎ. గోపీనాథరావు. హిందూ ప్రతిమాశాస్త్రం మీద 1914 నుంచి 1916 మధ్య వెలువడిన ఆయన ఉద్గ్రంథంలో ఈ లింగాన్ని అంగుళం అంగుళం వర్ణించి, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దిదని తేల్చాడు. తర్వాతి పండితుల్లో కొందరు ఇంకా వెనక్కి, క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది దాకా తీసుకెళ్ళారు. మరికొందరు క్రీస్తుశకం తొలి శతాబ్దులకి జరిపారు. 1973-74లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తరఫున ఇంగువ కార్తికేయ శర్మగారు గర్భాలయంలో తవ్వకాలు జరిపించారు. అప్పుడు బయటపడింది చూడండి. లింగం చుట్టూ చతురస్రంగా అమర్చిన రాతి కంచె ఒకటి, బౌద్ధస్తూపాల చుట్టూ ఉండే ప్రాకారం లాంటిది, నేలలో పూడిపోయి ఉంది. అంటే మొదట్లో ఈ శివుడు గర్భగుడి చీకట్లో లేడు. కంచె మధ్య, ఆరుబయటో చెట్టునీడనో, ఊరందరికీ నలువైపులా కనబడేలా నిలబడ్డాడు. ఆ తర్వాత పెద్ద ఇటుకలతో గుండ్రటి గుడి వచ్చింది. ఆ తర్వాత పల్లవుల కాలపు దానాలు, బాణరాజుల ఏలుబడి, చోళుల పునర్నిర్మాణం. విక్రమచోళుడి రోజుల్లో, 12వ శతాబ్దిలో, ఆలయాన్ని రాతితో కొత్తగా కట్టారు. రాజ్యాలు మారాయి, కట్టడం మారింది, నేలమట్టం పెరిగింది. నడుమనున్న రాయి మాత్రం పెట్టినచోటే ఉంది. ఎంత తక్కువ లెక్క వేసుకున్నా ఇది పదిహేను పదహారు వందల ఏళ్ళ కాపలా. కాపాడుకోవడం తెలీనివాళ్ళ పనా ఇది?

ఇప్పుడు కాపాడ్డం తెలిసినవాళ్ళ రికార్డు చూద్దాం. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ 1797లో అమరావతి బౌద్ధస్తూపం దిబ్బని మొదటిసారి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి తన బృందంతో బొమ్మలు గీయించాడు. అంతవరకూ ఆయనకి దండం పెట్టొచ్చు, ఆ రోజు గీయించిన బొమ్మలే లేకపోతే చాలా రాళ్ళ రూపం కూడా మనకి తెలిసేది కాదు. తర్వాత వచ్చినవాళ్ళు రాళ్ళని ఎక్కడికక్కడ చెదరగొట్టారు. కొన్ని కలకత్తాకి వెళ్ళాయి. కొన్నిటిని మచిలీపట్నం తరలించి ఒక దొరగారు బజారు మధ్యలో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ బయట పడి ఉన్నాయి. 1859లో వాటిని ఓడకెక్కించి లండన్ పంపారు. వచ్చీ రాగానే పట్టుపాన్పు వేశారనుకుంటున్నారా? గుర్రపుబళ్ళు పెట్టే కొట్టంలో పడేశారు. 1867 ప్రాంతంలో, పారిస్ ప్రదర్శన కోసం ఏవో ఫొటోలు సమకూర్చుకుంటున్న వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కంటపడేదాకా అవి అక్కడ ఉన్నాయన్న సంగతే పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చి కొన్నాళ్ళు మెట్లదారి గోడల మీద వెలిగాయి. 20వ శతాబ్దిలో చాలా ఏళ్ళు నేలమాళిగలోకి దిగిపోయాయి. ఇప్పటి గాజుగోడల గది తెరిచింది 1992లో. అదే 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు స్తూపం స్థలాన్ని పూర్తిగా శుభ్రం చేయమని ఉత్తరువిచ్చాడు. ఆ శుభ్రం ఎలాంటిదంటే, ఆ తర్వాత సర్వే చేయడానికి వచ్చిన బర్జెస్‌కి అక్కడ స్తూపం బదులు పెద్ద గొయ్యి కనబడింది. ఏ రాయి ఏ రాయి పక్కన ఉండేదో చెప్పే ఆధారం ఆ గోతిలోనే పోయింది. మద్రాసు మ్యూజియంలో మిగిలిన పలకల్ని గోడలకి సిమెంటుతో బిగించి అతికించారు. ఆ పని ఇప్పటిదాకా పరిరక్షకులకి తలనొప్పిగానే ఉంది.

"మరి వెంకటాద్రి నాయుడి మాటేమిటి?" అని అడిగేవాళ్ళుంటారు, అడగాలి కూడా. 18వ శతాబ్ది చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని కొత్త ఊరు కడుతుంటే, ఆయన మనుషులు ఆ దిబ్బలో రాళ్ళు తవ్వుకున్నారు. శిల్పాలు గోడల్లోకి పోయాయి, చెరువు మెట్లకి పోయాయి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. ఇది దాచిపెట్టాల్సిన సంగతి కాదు, మనవాడే చేశాడు. అయితే ఆయన ఎందుకు చేయగలిగాడో ఆలోచించండి. అప్పటికి ఆ దిబ్బకి పూజ లేదు, కథ లేదు. బౌద్ధం కృష్ణాతీరంలో ఎప్పుడో అంతరించింది. బుద్ధుడి స్తూపమన్న సంగతి చుట్టుపక్కల పల్లెల జ్ఞాపకంలోంచి జారిపోయి, అది ఉత్త దీపాలదిన్నె అయింది. పక్కనే ఉన్న అమరేశ్వరుడి ఆలయాన్ని ఆయన బట్టీలో వేశాడా? దానికి మాన్యాలిచ్చి బాగుచేయించాడు. ఒకే మనిషి, ఒకే ఊరు, రెండు పాత కట్టడాలు. ఒకదాని సంగతి ఊరందరికీ తెలుసు, ఇంకోదాని సంగతి ఎవరికీ తెలీదు. తెలిసినదానికి పూజ దక్కింది, తెలీనిదానికి సున్నపు బట్టీ దక్కింది. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే. రాయిని కాపాడేది గోడ కాదు, గాజు కాదు, కాపలా జవాను కాదు. ఆ రాయి ఏమిటో చుట్టుపక్కలవాళ్ళకి తెలిసి ఉండడం ఒక్కటే.

ఇక్కడే నేను లండన్‌కి ఒక దండం పెట్టక తప్పదు. ఆ గాజుగదిలో అరచేయంత రాతిముక్కకి కూడా లేబుల్ ఉంటుంది. ఏ కాలపుది, ఏ ఊరిది, దాని మీద చెక్కింది ఏమిటి, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని నాలుగే వాక్యాలు, పదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమయ్యేవి. స్కూలు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక రాయి ముందు అరగంట మాట్లాడే టీచర్లు ఉంటారు. వాళ్ళది కాని బుద్ధుడి గురించి, వాళ్ళు ఎన్నడూ చూడని అమరావతి గురించి. దాన్ని మెచ్చుకోకపోతే నా కళ్ళు పోతాయి. మరుక్షణం మన దేశంలో పురాతన కట్టడాల ముందు నిలబెట్టే ఆ నీలం బోర్డు గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది. ఏ కోటకి వెళ్ళినా, ఏ గుడికి వెళ్ళినా అదే బోర్డు. ఇది జాతీయ ప్రాముఖ్యం గల కట్టడం, 1958 నాటి చట్టం కింద రక్షితం, దీన్ని పాడుచేసినవాళ్ళకి జైలు, జరిమానా. చాలా చోట్ల అంతటితో సరి. జాతికి ఎందుకు ప్రాముఖ్యమో మాత్రం ఉండదు. ఇంటికి తాళంవేసి, తాళంచెవి భద్రంగా దాచి, లోపల ఎవరున్నారో మరిచిపోయిన యజమాని వ్యవహారంలా ఉంటుంది.

ఆ శిక్షల వైనం మాత్రం ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది. మొదట మూడు నెలల జైలు, అయిదు వేల రూపాయల జరిమానా అని ఉండేది. 2010లో చట్టం సవరించాక రెండేళ్ళు, లక్ష రూపాయలు అయింది. వంద మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇవన్నీ అవసరమే, కాదనను. ఆ వంద మీటర్ల నిబంధనే లేకపోతే మన వ్యాపారుల ఉత్సాహానికి ఏ గుడీ ఊపిరి పీల్చుకోలేదు. కానీ ఆ లోపలున్నది లక్ష రూపాయల జరిమానాకి తగినదని చదివినవాడికి తోచాలి కదా. శిక్ష ఎంతో చెప్పి, నేరం ఎవరి మీదో చెప్పకపోతే భయం పుడుతుందేమో కాని ప్రేమ పుట్టదు. "ఈ బోర్డు పక్కనే రాతిఫలకాలు కూడా పెడుతున్నారు కదా" అని శాఖవాళ్ళ తరఫున ఎవరైనా అనొచ్చు. నిజమే, కొన్నిచోట్ల ఉన్నాయి. చాలావాటిలో రాజవంశాల పేర్లు, అధిష్ఠానం, కపోతం, అర్ధస్తంభం లాంటి మాటలు నిండి ఉంటాయి. గొడ్డలి పట్టుకుని పొట్టేలుని వేలాడదీసిన దేవుడు ఎవరని అడిగే పిల్లాడికి అందులో జవాబు దొరకదు. అది పండితుడు పండితుడికి రాసుకున్న ఉత్తరం. నలుగురూ నడిచే దారిలో దాన్ని నిలబెట్టడం దేనికి?

గుడిమల్లం ఒక్కటే అనుకోకండి. తిరుమల మహాద్వారం దాటగానే వచ్చే ప్రతిమామండపంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహవిగ్రహాలుగా చేతులు జోడించి నిలబడ్డారు. పేర్లు భుజాల మీద చెక్కి ఉన్నాయి. రాయలు ఎలా ఉండేవాడని ఎవరైనా అడిగితే మనం చూపించగలిగిన సమకాలీన ప్రతిమ ఇది. ఊరూరా కూడళ్ళలో నిలబెట్టిన రాయల విగ్రహాల పొడుగు కుళ్ళాయి, ఆ నిలుచున్న తీరు చాలావరకు ఇక్కణ్ణుంచి తీసుకున్నవే. 1513 నుంచి ఏడుసార్లు కొండెక్కిన రాజు, తాను లేనప్పుడు కూడా స్వామి ముందు నిలబడి ఉండాలని చేయించుకున్న రూపం. ఆ మండపంలోంచి రోజుకి అరవై డెబ్బై వేలమంది భక్తులు పోతారు. ఎంతమంది చూస్తారు? క్యూలో తోపులాటలో, గోవిందనామాల మధ్య, కళ్ళన్నీ ముందున్న వెండివాకిలి మీదే. అందులో తప్పేమీ లేదు, కొండకి ఎక్కింది రాయల్ని చూడ్డానికి కాదు కదా. కానీ గంటల తరబడి కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారే, అక్కడ ఈ సంగతి ఒక్క ముక్క చెప్తే లోపలికి వెళ్ళాక ఒక్క క్షణమైనా తల తిప్పి చూడరా? అయిదువందల ఏళ్ళుగా చేతులు జోడించుకుని నిలబడ్డ ఆ మనిషికి ఒక్క చూపు బాకీ పడ్డాం.

ఇక పెద్ద అభ్యంతరానికి వస్తాను. "గుడి మ్యూజియం కాదు. భక్తుడికి దర్శనం కావాలి కాని చరిత్రపాఠం ఎందుకు? లేబుల్ తగిలిస్తే దేవుడు ప్రదర్శనవస్తువు అయిపోడా?" ఈ మాట అనేవాళ్ళ భక్తిని నేను శంకించను. కానీ వాళ్ళు ఒకసారి ఆ గుడి గోడల వైపే తిరిగి చూడాలి. మన పూర్వులు దేవాలయపు గోడ ఖాళీగా వదిలారా? ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏట, ఏ ఊరివాడు, అఖండదీపం కోసం ఎన్ని గొర్రెలిచ్చాడో, ఏ మడి పంట నైవేద్యానికో, సాక్షులెవరో, ఈ ధర్మాన్ని చెరిపినవాడికి ఏ పాపం చుట్టుకుంటుందో అన్నీ చెక్కించారు. వాళ్ళూ శిక్ష రాశారు, గంగ ఒడ్డున కపిలగోవుని చంపిన పాపం అని. కానీ శిక్షకి ముందు కథంతా చెప్పారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎంత అన్నది పూర్తయ్యాకే శాపం. ఇప్పటి నీలం బోర్డు ఆ శాసనంలోంచి శాపాన్ని మాత్రం ఉంచుకుని, మిగతాది కొట్టేసింది. తిరుమల గోడల శాసనాల్ని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు చదివించి దేవస్థానం తరఫున సంపుటాలుగా వెలువరించడం వల్లే ఏ సేవ ఎప్పుడు మొదలైందో, ఏ ప్రసాదం ఎవరు ఏర్పాటు చేశారో ఈనాడు మనకి తెలుసు. దేవుడి పక్కన రాత ఉండడం దేవుడికి చిన్నతనం కాదు. అది మన ఆచారమే, మధ్యలో వదిలేశాం.

ఇంకో అభ్యంతరం పండితుల వైపు నుంచి వస్తుంది. "గుడిమల్లం లింగం కాలం మీదే ఏకాభిప్రాయం లేదు. ఏమని రాస్తారు? ఒక తేదీ రాస్తే ఇంకొకరికి కోపం." నిజమే, కాలం మీద గొడవ ఉంది. అయితే ఆ గొడవ కూడా కథలో భాగమే. "దీన్ని చెక్కింది క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలోనని కొందరు, తర్వాతి శతాబ్దుల్లోనని మరికొందరు అంటారు. ఎవరి మాట నిజమైనా, మనుషులు ఇప్పటికీ పూజిస్తున్న అతి పురాతన శివలింగాల్లో ఇది ఒకటి. శివుడి చేతిలో పొట్టేలు చూడండి. కాళ్ళ కింద యక్షుణ్ణి చూడండి. జంధ్యం లేకపోవడం గమనించండి. చుట్టూ ఒకప్పుడు రాతి కంచె ఉండేదని 1973 తవ్వకాల్లో తెలిసింది." ఇంతే. పది వాక్యాలు దాటదు. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి పెట్టాలి. మా వైపు గుళ్ళకి తమిళనాడు భక్తులు ఎంతమంది వస్తారో నగరి వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మాలో సగంమంది ఇళ్ళల్లో రెండు భాషలూ కలిసే ఉంటాయి. దీనికి కోట్లు ఖర్చు కాదు, కమిటీలు అక్కర్లేదు, శంకుస్థాపన అసలే అక్కర్లేదు.

ఇక పూజ వల్ల రాయి అరిగిపోతుందనే వాదం ఉంది. నూనె, పాలు, విభూది, శతాబ్దాల అభిషేకాలు. మ్యూజియం పక్షం వాళ్ళ బలమైన వాదం ఇదే, దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. గాజుగది రాళ్ళకి ఉష్ణోగ్రత, తేమ కొలుస్తారు. గర్భాలయంలో కొలిచేవాడు లేడు. పాత నేల మీద కొత్త నేల పరుచుకుంటూ పోవడం వల్లే ఆ చతురస్రపు కంచె కొన్ని శతాబ్దాలపాటు ఎవరికీ కనబడకుండా పూడిపోయింది. భక్తి కాపాడుతుంది, కప్పేస్తుంది కూడా. కానీ ఇంతకంటే ముందుకి ఈ పోలిక నడవదు. ఎందుకంటే మ్యూజియం రాయి పని అయిపోయిన రాయి, గుడిమల్లం రాయి ఇంకా పనిలో ఉన్న రాయి. దాని ముందు ఇవాళ పొద్దున కూడా ఎవరో ఒకరు కొబ్బరికాయ కొట్టి కూతురి పెళ్ళి గురించి మొక్కుకుని ఉంటారు. లండన్ గదిలో బుద్ధుడి ముందు ఎవరూ ఏదీ అడగరు. అడిగినా గాజు అడ్డం.

పోలిక ఆగినచోట మా వైపు ప్రయాణాలే గుర్తొస్తాయి. నగరి కుటుంబాల తిరుపతి ప్రయాణానికి తరతరాలుగా ఒక తీరుంది. ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కడం, పుత్తూరు దాటాక పులిహోర పొట్లాలు విప్పడం, రేణిగుంటలో కిటికీలోంచి కొండ కనబడగానే పెద్దవాళ్ళు చెంపలేసుకోవడం. కొండ మీద గుండు, దర్శనం, లడ్డు. కింద తిరుచానూరులో అమ్మవారు. ఆఖర్న కాళహస్తి. కాళహస్తి అయ్యాక ఇంకే గుడికీ పోకూడదు, నేరుగా ఇల్లు చేరాలని ఒక నమ్మకం. కాళహస్తికి వెళ్ళే దారిలోనే ఏర్పేడు, ఆ దారికి కాస్త పక్కగా గుడిమల్లం. పోయేటప్పుడు కాళహస్తి తొందర, వచ్చేటప్పుడు నమ్మకం అడ్డం. అలా రెండువైపులా తప్పిపోయాడు మా పరశురామేశ్వరుడు. పాపానాయుడుపేట గాజుపూసల కొలిమి కూడా అలాగే తప్పిపోయింది. గాజుని గొట్టంలా సాగదీసి పూసలు తీసే ఆ పాతపద్ధతిని చూడ్డానికి విదేశీ పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చారు. నగరి కొండకున్న ముక్కుని సముద్రం మీంచి మద్రాసు వైపు వచ్చే ఓడలవాళ్ళు గుర్తుపట్టి, దారికొండగా పటాల్లోకి ఎక్కించుకున్నారు. మన కొండకి ముక్కుందని దూరంనుంచి వచ్చినవాడు రాసుకున్నాడు. మనం దాని కింద పుట్టి పెరిగి, పరాయిదేశం వచ్చాక ఆ పటాలు చూసి మురిసిపోతున్నాం.

అలాగని రాసుకోవడం తెల్లవాడి విద్య అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మెకంజీ పేరుమీద చెలామణి అవుతున్న ఆ మహాసేకరణ వెనక తెలుగు చేతులున్నాయి. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన 1803లో చిన్న వయసులోనే పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ కింద పనిచేసిన గుమస్తాలు ఊరూరా తిరిగి, కరణాల్నీ పూజారుల్నీ ముసలివాళ్ళనీ కూర్చోబెట్టి అడిగి, గ్రామ కైఫియత్తులు రాయించారు. ఈ చెరువు ఎవరు తవ్వించారు, ఈ దేవుడు ఎలా వెలిశాడు, ఈ ఊరికి ఈ పేరెలా వచ్చింది అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత సి.పి. బ్రౌను దొర వాటికి నకళ్ళు రాయించి నిలబెట్టాడు. రెండువందల ఏళ్ళ కిందట, రోడ్లు లేని రోజుల్లో, బందిపోట్ల భయం ఉన్న రోజుల్లో మనవాళ్ళు చేసిన పని అది. ఈనాడు చేతిలో ఫోను ఉండి, ప్రతి ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళు ఉండి కూడా గుడి గురించి పది వాక్యాలు రాయించుకోలేమంటే తప్పు ఎవరిది?

"మంచి బోర్డు పెడితే దొంగ ఆగుతాడా?" అని చివరి ప్రశ్న. ఆగడు. కానీ పట్టుబడతాడు. ప్రకాశం జిల్లా చందవరంలో బౌద్ధస్తూపం దగ్గరున్న ప్రదర్శనశాలలోంచి 2001లో శిల్పాలు పోయాయి. వాటిలో బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల పలక ఒకటి సముద్రాలు దాటి, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో డబ్బు పోసి కొనేదాకా వెళ్ళింది. 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. అది చందవరానిదేనని రుజువు కావడానికి ఆసరా అయింది అక్కడ ఉన్నప్పటి ఫొటో. ఎవరో ఒకరు ఆ రాయిని శ్రద్ధగా చూసి, ఫొటో తీసి, భద్రపరిచారు కాబట్టే ఇల్లు చేరింది. పాత తాళం విరిగినా పాత ఫొటో పనిచేసింది. వర్ణన లేని శిల్పం పోతే, పోయిందని ఫిర్యాదు చేయడానికి కూడా ఏం పోయిందో చెప్పలేం.

దేశం వదిలిపోయినవాడికి ఈ పెత్తనాలెందుకని ఎవరైనా అంటే ఆ దెప్పు నాకు తగినదే. అందుకని నాతోటి ప్రవాసులకి ముందు చెబుతున్నాను. ఈసారి మ్యూజియం మాటొచ్చినప్పుడు "మనకి కాపాడుకోవడం తెలీదు" అనకండి, అది తప్పు. "మనం చెప్పుకోవడం మానేశాం" అనండి, అది నిజం. సెలవులకి పిల్లల్ని తీసుకుని తిరుపతి వెళ్ళినప్పుడు కాళహస్తికి ముందే ఒక పూట గుడిమల్లానికి కేటాయించండి. పొట్టేలు ఎక్కడుందో, యక్షుడు ఎక్కడున్నాడో పిల్లల్నే వెతకమనండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా చిత్తూరు, తిరుపతి జిల్లాల హైస్కూలు మాస్టర్లకి ఒక విన్నపం. విహారయాత్ర అంటే ప్రతి ఏడూ జూ పార్కుకే తీసుకెళ్ళకుండా, ఒక్క బస్సు ఇటు తిప్పండి. పురావస్తు శాఖవారికీ ఒకే మాట. ఆ నీలం బోర్డు తీసేయమని నేననను. దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, మామూలు తెలుగులో, మామూలు తమిళంలో, పది వాక్యాల బోర్డు ఇంకొకటి పెట్టించండి. ఆ పది వాక్యాలు రాసిపెట్టడానికి మా జిల్లాలో తెలుగు అయ్యవార్లకి కొదవ లేదు.